శాంతిభద్రతల ఎన్నిక: 1968లో నిక్సన్, హంఫ్రీ, వాలెస్

అమెరికా అధ్యక్ష పదవికి పోటీ పడేవారిని నేరాల అదుపు, న్యాయస్థానాలు, పౌరహక్కులు అనే మూడు అంశాల మీద పోల్చడం అక్కడి పత్రికలకు ప్రతి నాలుగేళ్లకూ అలవాటైన పని. ఒక్కొక్కరి ప్రసంగాల నుంచి నాలుగేసి వాక్యాలు తీసి పక్కపక్కన పేరిస్తే పోలిక పూర్తయినట్టే కనిపిస్తుంది. అయితే ఈ మూడు అంశాల మీదా అధ్యక్షుడికి ఉన్న అధికారం ఒకే పాటిది కాదు. వీధిలో జరిగే దోపిడీ విషయంలో, హత్య విషయంలో ఆయన చేయగలిగింది చాలా తక్కువ. న్యాయమూర్తుల ఎంపికలో చాలా ఎక్కువ. పౌరహక్కుల చట్టాలు కాగితం మీద మిగలాలో, అమలు కావాలో తేల్చడంలో ఆయన మాటకున్న బరువు ఇంకా ఎక్కువ. ప్రచారంలో ఈ వరుస తలకిందులవుతుంది. ఎక్కడ అధికారం తక్కువో అక్కడే హామీల జోరు వినిపిస్తుంది. 1968 ఎన్నిక ఇందుకు మంచి ఉదాహరణ. రిపబ్లికన్ అభ్యర్థి రిచర్డ్ నిక్సన్, డెమొక్రాటిక్ అభ్యర్థి, అప్పటి ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ, అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ పేరుతో బరిలోకి దిగిన అలబామా మాజీ గవర్నర్ జార్జ్ వాలెస్, ఈ ముగ్గురూ వియత్నాం యుద్ధాన్ని మినహాయిస్తే అత్యధికంగా మాట్లాడింది శాంతిభద్రతల గురించే.

ఆ రోజుల వాతావరణం తెలియకపోతే వారి మాటల వాడి అర్థం కాదు. ఎఫ్‌బీఐ లెక్కల ప్రకారం 1960లో లక్ష జనాభాకు 160.9గా ఉన్న హింసాత్మక నేరాల రేటు 1968 నాటికి 298.4కు చేరింది. నేరాలను నమోదు చేసే పద్ధతి మెరుగుపడడం, యుద్ధానంతరం పుట్టిన తరం యవ్వనంలోకి రావడం ఈ పెరుగుదలకు కొంతవరకు కారణాలే అయినా, మొత్తం పెరుగుదలను వాటి ఖాతాలో వేయలేము. నేరం నిజంగానే పెరిగింది. భయం అంతకంటే వేగంగా పెరిగింది. 1965లో లాస్ ఏంజిలిస్‌లోని వాట్స్, 1967లో న్యూవార్క్, డిట్రాయిట్ మండిపోయాయి. 1968 మార్చి 31న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తాను మళ్లీ పోటీ చేయనని ప్రకటించారు. ఏప్రిల్ 4న మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురికావడంతో వందకు పైగా నగరాల్లో అల్లర్లు చెలరేగాయి. జూన్‌లో డెమొక్రాటిక్ అభ్యర్థిత్వం కోసం పోటీలో ఉన్న రాబర్ట్ కెనెడీ లాస్ ఏంజిలిస్‌లో తుపాకీ గుండ్లకు బలయ్యారు. సామాన్య నేరం, జాతుల మధ్య ఉద్రిక్తతతో పుట్టిన అల్లరి, యుద్ధ వ్యతిరేక ప్రదర్శన, రాజకీయ హత్య అనేవి నాలుగు వేర్వేరు విషయాలు. వాటికి కారణాలూ వేరు, మందులూ వేరు. ఆ ఏడాది ఓటరు మనసులో మాత్రం నాలుగూ ఒకే ముద్దగా కలిసిపోయాయి. ముగ్గురు అభ్యర్థుల్లో ఇద్దరికి ఆ ముద్దను విడదీయకపోవడమే లాభించింది.

అమెరికా రాజ్యాంగంలో పోలీసు వ్యవస్థ రాష్ట్రాలదీ, నగరాలదీ, కౌంటీలదీ. మన రాజ్యాంగం ఏడో షెడ్యూలు పోలీసులను, శాంతిభద్రతలను రాష్ట్రాల జాబితాలో పెట్టినట్టే అక్కడా కేంద్రం నేరుగా నడిపే పోలీసు బలగం పరిమితమే. ఇక్కడి ఐపీఎస్ లాంటి అఖిల భారత సర్వీసు కూడా అక్కడ లేదు. హత్య, దోపిడీ, దొంగతనం కేసుల్లో అత్యధిక భాగం రాష్ట్ర చట్టాల కింద, రాష్ట్ర కోర్టుల్లోనే నడుస్తాయి. అధ్యక్షుడి చేతిలో ఉన్న సాధనాలు వేరు. ఆయన అటార్నీ జనరల్‌ను నియమిస్తారు, తద్వారా న్యాయశాఖ ఏ కేసులు వేయాలో, ఏ పక్షాన నిలబడాలో నిర్ణయిస్తారు. జీవితకాలం పదవిలో ఉండే ఫెడరల్ న్యాయమూర్తుల పేర్లను సెనేటుకు పంపుతారు. ఫెడరల్ నిధులను షరతులతో ఇచ్చే, ఆపే యంత్రాంగం ఆయన కిందే పనిచేస్తుంది. రాజధాని వాషింగ్టన్ నగరం మీద అప్పట్లో ఆయనకు దాదాపు నేరుగా అధికారం ఉండేది. అక్కడి మేయర్‌ను కూడా అధ్యక్షుడే నియమించేవారు. అభ్యర్థుల మాటలను ఈ సాధనాలకు ఎదురుగా పెట్టి చూసినప్పుడే పోలికకు అర్థం ఉంటుంది.

నేరాల విషయంలో ముగ్గురిలోనూ వివరమైన పత్రం ముందుగా విడుదల చేసింది నిక్సన్. 1968 మే నెలలో వచ్చిన ఆ పత్రంలో, నేరానికి మూలం పేదరికమేనన్న వాదనను ఆయన నేరుగా ఎదుర్కొన్నారు. పేదరికం మీద ప్రభుత్వం చేసే యుద్ధానికి నిధులను నాలుగింతలు చేయడం కంటే, నేరస్థులకు శిక్ష పడే రేటును రెట్టింపు చేయడమే భవిష్యత్తులో నేరాలను ఎక్కువగా తగ్గిస్తుందన్నది అందులోని ప్రధాన వాక్యం. ఇది జాన్సన్ ప్రభుత్వపు ఆలోచన మీద గురిపెట్టిన బాణం. జాన్సన్ నియమించిన నేర విచారణ కమిషన్ 1967లో రెండు వందలకు పైగా సిఫారసులు చేస్తూ, ఇళ్లు, చదువులు, ఉద్యోగాలు కూడా నేర నివారణలో భాగమేనని చెప్పింది. నిక్సన్ వాదనలో కొంత నిజం ఉంది. శిక్ష తప్పదన్న నమ్మకం నేరాన్ని అదుపు చేస్తుందన్నది ఆ తరువాతి పరిశోధనలు కూడా చాలావరకు ఒప్పుకున్న మాట. కానీ శిక్షల రేటును పెంచే తాళంచెవి ఊరి పోలీసు దగ్గర, జిల్లా ప్రాసిక్యూటర్ దగ్గర ఉంటుందే తప్ప వైట్‌హౌస్‌లో ఉండదు. ఆగస్టులో మయామీ బీచ్‌లో అభ్యర్థిత్వం స్వీకరిస్తూ చేసిన ప్రసంగంలో, దేశంలో శాంతిభద్రతలను పునరుద్ధరించే పనిని కొత్త అటార్నీ జనరల్‌ను నియమించడంతో మొదలుపెడతానని నిక్సన్ అన్నప్పుడు సభ హర్షధ్వానాలు చేసింది. అప్పటి అటార్నీ జనరల్ రామ్సే క్లార్క్ మెతక మనిషి అన్న ప్రచారాన్ని ఆయన ఆ విధంగా వాడుకున్నారు. అటార్నీ జనరల్ మారితే డిట్రాయిట్ వీధిలో దోపిడీ ఎలా ఆగుతుందో ఆ ప్రసంగం చెప్పలేదు.

హంఫ్రీ స్థితి ఇబ్బందికరం. ఉపాధ్యక్షుడిగా ఆయన జాన్సన్ ప్రభుత్వంలో భాగం. ఆ ప్రభుత్వమే 1968 జూన్ 19న నేర నియంత్రణ, సురక్షిత వీధుల చట్టాన్ని తెచ్చింది. స్థానిక పోలీసులకు ఫెడరల్ గ్రాంట్లు ఇచ్చే ఏర్పాటు, కోర్టు అనుమతితో ఫోన్ సంభాషణలు వినే అధికారం అందులో ఉన్నాయి. అక్టోబరులో తుపాకుల నియంత్రణ చట్టం కూడా వచ్చింది. అంటే నిక్సన్ అడుగుతున్నదానిలో కొంత అప్పటికే చట్టమై కూర్చుంది. అయినా ఆ ఖ్యాతి హంఫ్రీకి దక్కలేదు, ఎందుకంటే ఆయన మాట్లాడే తీరు వేరు. శాంతిభద్రతలతో పాటు న్యాయం కూడా కావాలన్నది ఆయన పల్లవి. నిక్సన్ కట్టించదలచిన ఒక్కో జైలుకూ తాను ఒక కుటుంబానికి ఇల్లు కట్టిస్తాననీ, ఆయన నియమించదలచిన ఒక్కో పోలీసుకూ తాను ఒక మంచి ఉపాధ్యాయుణ్ణి నియమిస్తాననీ ఆయన ప్రచారంలో చెప్పారు. చెవికి ఇంపుగా ఉన్న మాటే గాని, రాత్రి పని ముగించుకుని ఇంటికి నడిచి వెళ్లడానికి భయపడుతున్నవారికి అది జవాబు కాదు. ఆ భయపడేవారిలో నగరాల్లోని నల్లజాతి కుటుంబాలే ఎక్కువ నష్టపోతున్నాయన్న వాస్తవాన్ని కూడా ఆయన గట్టిగా వాడుకోలేదు. దీనికి తోడు ఆగస్టు చివరలో షికాగోలో డెమొక్రాటిక్ మహాసభ జరుగుతుండగా బయట పోలీసులు ప్రదర్శకులను లాఠీలతో, బాష్పవాయువుతో చెదరగొట్టిన దృశ్యాలు టీవీల్లో దేశమంతా కనిపించాయి. ఎన్నిక ముగిశాక వచ్చిన అధికారిక విచారణ నివేదిక (వాకర్ నివేదిక) దాన్ని పోలీసులే చేసిన అల్లరిగా వర్ణించింది. ఎన్నికకు ముందు మాత్రం ఆ దృశ్యాలు హంఫ్రీకి రెండు వైపులా చేటు చేశాయి: ఉదారవాదులు ఆయన్ను పోలీసుల పక్షమన్నారు, మిగిలినవారు ఆయన పార్టీనే అరాచకానికి నిలయమన్నారు.

వాలెస్ దగ్గర పత్రాల కంటే సభావేదిక మీది మాటలే ముఖ్యం. ఈ రాత్రి మీ తల పగలగొట్టినవాడు మీరు ఆసుపత్రి నుంచి బయటికి వచ్చేలోగా జైలు నుంచి బయటికి వస్తాడనీ, సోమవారం పొద్దున విచారణ మాత్రం పోలీసు మీద జరుగుతుందనీ ఆయన ఊరూరా చెప్పేవారు. తన కారుకు అడ్డంగా పడుకునే అరాచకవాదికి అదే ఆఖరి కారు అవుతుందన్న బెదిరింపుకు చప్పట్లు మారుమోగేవి. ఇందులో విధానం వెతకడం వృథా. కార్మిక సంఘాలు ఆయన మీద ఎదురుప్రచారం మొదలుపెట్టినప్పుడు పట్టుకున్న అంశం సరైనది: ఆయన ఏలిన అలబామాలో కూలీ రేట్లెలా ఉన్నాయి, హత్యల రేటెలా ఉంది అని అవి ఓటర్లను అడిగాయి. హత్యల్లో అలబామా దేశంలో ముందు వరుసలో ఉన్న రాష్ట్రం. పోలీసుల మీద, రాష్ట్ర న్యాయయంత్రాంగం మీద అధ్యక్షుడికి లేని అధికారం గవర్నరుకు ఉంటుంది కాబట్టి, ముగ్గురిలోనూ నేరం మీద చేతల ద్వారా తూచదగిన వ్యక్తి వాలెస్ ఒక్కరే. ఆ తూకంలో ఆయన తేలిపోయారు.

న్యాయస్థానాల విషయానికి వస్తే పోలిక చిక్కబడుతుంది. ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ నాయకత్వంలో సుప్రీంకోర్టు పదిహేనేళ్లుగా రెండు మార్గాల్లో నడిచింది. 1954 నాటి బ్రౌన్ తీర్పుతో పాఠశాలల్లో జాతి వేర్పాటును కొట్టివేయడం మొదటిది. నిందితుల హక్కులను రాష్ట్రాల పోలీసులకు, కోర్టులకు వర్తింపజేయడం రెండోది. అక్రమంగా సోదా చేసి తెచ్చిన సాక్ష్యం చెల్లదని 1961లో మాప్ కేసు చెప్పింది. లాయరును పెట్టుకోలేని నిందితుడికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలని 1963లో గిడియన్ కేసు నిర్ణయించింది. అదుపులోకి తీసుకున్న మనిషిని ప్రశ్నించే ముందు మౌనంగా ఉండే హక్కు, లాయరు హక్కు ఉన్నాయని చెప్పి తీరాలని 1966లో మిరాండా కేసు 5–4 తేడాతో శాసించింది. గిడియన్ తీర్పును పెద్దగా ఎవరూ తప్పుపట్టలేదు. మిరాండా మాత్రం పోలీసులకూ, రాజకీయ నాయకులకూ కంట్లో నలుసయ్యింది. నేరాలు పెరిగిన కాలం, ఈ తీర్పులు వచ్చిన కాలం ఒకటే కావడంతో ఒకటి మరొకదానికి కారణమన్న వాదన సులభంగా అతుక్కుంది. అనుమానం వచ్చినవారిని ఆపి ఒళ్లు తడిమి చూసే అధికారాన్ని పోలీసులకు ఇస్తూ 1968 జూన్‌లో వెలువడిన టెర్రీ తీర్పును రాసింది ఇదే వారెన్ అన్న విషయం ప్రచార సభల్లో ఎవరికీ గుర్తు రాలేదు.

కోర్టులు నేరస్థుల బలగాలకు ఎదురుగా శాంతి బలగాలను బలహీనపరచడంలో హద్దు దాటాయని నిక్సన్ మయామీ బీచ్‌లో అన్నారు. అదే ప్రసంగంలో, కోర్టులను గౌరవించాలనీ కలిపి చెప్పారు. ఈ జోడింపు ఆయన పద్ధతికి గుర్తు. రాజ్యాంగాన్ని అక్షరానికి కట్టుబడి అన్వయించే న్యాయమూర్తులనే నియమిస్తానన్నది ఆయన హామీ. మిరాండాను తలచుకుని కోపగించుకునే షికాగో శివారు ఓటరుకు ఆ మాట ఒక రకంగా, బ్రౌన్ తీర్పును తలచుకుని కోపగించుకునే మిసిసిపీ ఓటరుకు మరో రకంగా వినిపించింది. రెండు రకాలుగా వినిపించడం యాదృచ్ఛికం కాదు. మే చివర అట్లాంటాలో దక్షిణాది రిపబ్లికన్ నాయకులను కలిసినప్పుడు, సౌత్ కరోలినా సెనేటర్ స్ట్రోమ్ థర్మాండ్ మద్దతు సంపాదించడంలో ఈ హామీ నిక్సన్‌కు ముఖ్య పనిముట్టు అయింది.

ఆ థర్మాండే ఆ వేసవిలో కోర్టు తగాదాకు కేంద్రబిందువు. వారెన్ పదవీ విరమణ ఉద్దేశాన్ని తెలియజేయగానే జాన్సన్ జూన్ 26న తన సన్నిహితుడు, అప్పటికే సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన ఏబ్ ఫోర్టస్ పేరును ప్రధాన న్యాయమూర్తి పదవికి ప్రతిపాదించారు. సెనేట్ విచారణలో థర్మాండ్, నిందితుణ్ణి మెజిస్ట్రేటు ముందు సకాలంలో హాజరుపరచలేదన్న కారణంతో ఒక అత్యాచార కేసు శిక్షను కొట్టివేసిన మాలరీ తీర్పును ఎత్తి చూపుతూ ఫోర్టస్ మీద విరుచుకుపడ్డారు. ఆ తీర్పు 1957 నాటిది. ఫోర్టస్ కోర్టులోకి వచ్చింది 1965లో. సుదీర్ఘ ప్రసంగాలతో ఓటింగును అడ్డుకునే ఫిలిబస్టర్‌కు తెరదించడానికి అక్టోబరు 1న జరిగిన ప్రయత్నానికి అనుకూలంగా 45, వ్యతిరేకంగా 43 ఓట్లు పడ్డాయి. కావలసిన మూడింట రెండు వంతులకు అది చాలా దూరం. ఫోర్టస్ తప్పుకున్నారు. హంఫ్రీ ఆయనకు మద్దతు పలికారు. నిక్సన్ మాత్రం ఫోర్టస్‌ను ఆమోదించాలో వద్దో తేల్చి చెప్పకుండా ప్రచారం ముగించారు. మాట్లాడకపోవడం వల్ల ఆయనకు దక్కిన ఫలం పెద్దది: ప్రధాన న్యాయమూర్తి కుర్చీ ఖాళీ కాబోతుండగా, దాన్ని నింపే అవకాశం తరువాతి అధ్యక్షుడికి మిగిలింది. నేరాల గురించి ఆయన చెప్పిన వందల వాక్యాలకంటే ఈ ఒక్క మౌనమే దేశం మీద ఎక్కువ ప్రభావం చూపిందంటే అతిశయోక్తి కాదు.

వాలెస్ ఇక్కడ కూడా తెర తీసి మాట్లాడారు. ఫెడరల్ జిల్లా న్యాయమూర్తులు కొన్నేళ్లకొకసారి ప్రజల ఓటుకు నిలబడాలనీ, పై కోర్టుల న్యాయమూర్తులకు సెనేట్ మళ్లీ మళ్లీ ఆమోదం తెలపాలనీ ఆయన పార్టీ ప్రణాళిక కోరింది. రాజ్యాంగ సవరణ లేకుండా అది సాధ్యం కాదు. సవరణకు కాంగ్రెసులో మూడింట రెండు వంతులు, ఆపై నాలుగింట మూడు వంతుల రాష్ట్రాల ఆమోదం కావాలి. ఆచరణకు నోచుకోని ప్రతిపాదనే అయినా ఆ మనిషి ఆలోచన తెలుసుకోవడానికి పనికొస్తుంది. వాలెస్ ఒకప్పుడు అలబామాలో న్యాయమూర్తిగా పనిచేశారు. ఓటర్ల నమోదు పత్రాలను ఫెడరల్ పౌరహక్కుల కమిషన్‌కు ఇవ్వనని బహిరంగంగా సవాలు చేసి, ఫెడరల్ న్యాయమూర్తి ఫ్రాంక్ జాన్సన్ కోర్టు ధిక్కారం కింద చర్య తీసుకుంటానని హెచ్చరించిన మీదట, వాటిని చాటుగా అందజేసి బయటపడ్డారు. ఆ ఇద్దరూ లా కాలేజీలో సహాధ్యాయులు. శాంతిభద్రతల నినాదం ఎత్తుకున్న అభ్యర్థికి కోర్టు ఉత్తర్వుల మీద ఉన్న గౌరవం అంతటిది.

పౌరహక్కుల విషయంలో ముగ్గురి గత చరిత్రా తెరిచిన పుస్తకమే. 1948లో మినియాపోలిస్ మేయర్‌గా ఉన్న హంఫ్రీ, డెమొక్రాటిక్ మహాసభలో పౌరహక్కుల తీర్మానం కోసం చేసిన ప్రసంగం దక్షిణాది ప్రతినిధులు కొందరు సభ విడిచి వెళ్లేలా చేసింది; అప్పుడు వేరు కుంపటి పెట్టుకుని అధ్యక్ష పదవికి పోటీ చేసింది పైన చెప్పిన థర్మాండే. 1964లో పౌరహక్కుల చట్టాన్ని సెనేటులో నడిపించిన బాధ్యత హంఫ్రీది. జూన్ 10న 71–29 ఓట్లతో ఫిలిబస్టర్‌ను ఛేదించడం వెనుక, రిపబ్లికన్ నాయకులను కలుపుకుపోయిన ఆయన ఓపిక ఉంది. వాలెస్ 1963 జనవరిలో గవర్నరుగా ప్రమాణం చేస్తూ జాతి వేర్పాటు ఎప్పటికీ ఉంటుందని ప్రకటించారు. అదే ఏడాది జూన్ 11న ఇద్దరు నల్లజాతి విద్యార్థులను చేరనివ్వకుండా అలబామా విశ్వవిద్యాలయం గుమ్మంలో నిలబడ్డారు. 1965లో సెల్మాలో ఓటు హక్కు కోసం నడిచిన వారిని చితకబాదింది ఆయన రాష్ట్ర పోలీసులే. 1968 నాటికి ఆయన ప్రసంగాల్లో నల్లజాతి అన్న మాట దాదాపు వినిపించేది కాదు. దాని బదులు వాషింగ్టన్ అధికారులు, ఫెడరల్ న్యాయమూర్తులు, మీ ఇల్లు ఎవరికి అమ్మాలో చెప్పే పెద్దలు అన్న మాటలు వచ్చాయి.

నిక్సన్ చరిత్ర ఇద్దరి మధ్య ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయడం తప్పు. ఐసెన్‌హోవర్ కింద ఉపాధ్యక్షుడిగా ఆయన 1957 పౌరహక్కుల చట్టాన్ని సమర్థించారు. 1960లో ఓడిపోయినప్పుడు కూడా నల్లజాతి ఓట్లలో మూడో వంతుకు దగ్గరగా ఆయనకే పడ్డాయి. ఇళ్ల అమ్మకంలో, అద్దెలో వివక్షను నిషేధిస్తూ, కింగ్ హత్య జరిగిన వారానికి, ఏప్రిల్ 11న జాన్సన్ సంతకం చేసిన చట్టాన్ని ఆయన వ్యతిరేకించలేదు. కానీ దేశం రెండు సమాజాలుగా, ఒకటి నల్లది, మరొకటి తెల్లది, చీలిపోతోందని ఆ ఏడాది హెచ్చరించిన, అల్లర్ల కారణాలను విచారించిన కెర్నర్ కమిషన్ నివేదిక, అల్లర్లు చేసినవారిని తప్ప అందరినీ తప్పుపట్టిందని ఆయన విమర్శించారు. హంఫ్రీ ఆ నివేదిక సారాన్ని అంగీకరించారు. ఉపాధ్యక్ష పదవికి నిక్సన్ ఎంచుకున్న మేరీలాండ్ గవర్నర్ స్పైరో ఆగ్న్యూ పేరు దేశానికి తెలిసిందే, బాల్టిమోర్ అల్లర్ల తర్వాత మితవాద నల్లజాతి నాయకులను పిలిచి మందలించినందుకు. హింసకు గురికాకుండా ఉండడమే ప్రతి అమెరికన్‌కూ మొదటి పౌరహక్కు అని నిక్సన్ చెప్పారు. ఈ వాక్యంతో నేరమూ పౌరహక్కులూ ఒకే పద్దు కిందికి వచ్చాయి. చాలా నేర్పుగా అల్లిన వాక్యం అది. అప్పటిదాకా ప్రభుత్వం మీద పౌరుడికి ఉన్న హక్కుగా అర్థమైనదాన్ని, పక్క పౌరుడి మీద ప్రభుత్వం ప్రయోగించే బలానికి సమర్థనగా మార్చింది.

అసలు తేడా బయటపడింది పాఠశాలల దగ్గర. బ్రౌన్ తీర్పు వచ్చి పద్నాలుగేళ్లయినా దక్షిణాదిలో నల్లజాతి పిల్లల్లో సుమారు మూడింట రెండు వంతుల మంది ఇంకా పూర్తిగా నల్లజాతి పాఠశాలల్లోనే చదువుతున్నారు. ఏ పిల్లవాడు ఏ బడికైనా వెళ్లవచ్చునన్న స్వేచ్ఛాయుత ఎంపిక పథకాలను చూపించి జిల్లా బోర్డులు పొద్దుపుచ్చేవి. భయం వల్ల, ఒత్తిడి వల్ల పిల్లలు కదిలేవారు కారు. 1968 మే 27న వర్జీనియాకు చెందిన గ్రీన్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి పథకాలు చాలవనీ, వేర్పాటు వేళ్లతో సహా పోవాలనీ ఏకగ్రీవంగా చెప్పింది. 1964 చట్టం ప్రకారం వివక్ష చూపే విద్యాజిల్లాలకు ఫెడరల్ నిధులు ఆపే అధికారం కేంద్రానికి ఉంది. సెప్టెంబరులో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఒక టీవీ ఇంటర్వ్యూలో నిక్సన్ బ్రౌన్ తీర్పు సరైనదేనన్నారు. వెంటనే, వాషింగ్టన్‌లోని ఒక అధికారి తనకు మంచిదనిపించినదాన్ని స్థానికుల చేత చేయించడానికి నిధుల కోతను వాడడం తనకు సమ్మతం కాదన్నారు. సూత్రాన్ని ఒప్పుకుని, సూత్రాన్ని అమలు చేసే పనిముట్టును పక్కన పెట్టడం ఇది. పోలిక చేసేవారు పట్టుకోవలసిన చోటు కూడా ఇదే. పౌరహక్కులకు మద్దతా, వ్యతిరేకతా అని అడిగితే హంఫ్రీ, నిక్సన్ ఇద్దరూ మద్దతనే చెబుతారు. నిధులు ఆపుతారా లేదా అని అడిగితే ఇద్దరూ విడిపోతారు.

ఆ దశాబ్దపు పౌరహక్కుల వెల్లువతో పాటే వచ్చిన 1965 వలస చట్టం, పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు విధించే పాత పద్ధతిని రద్దు చేసి, 1968 జూలై నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. ఆంధ్ర ప్రాంతం నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో అమెరికా చేరడం ఆ తలుపు గుండానే. ఎన్నికల వేడిలో ఆ చట్టం ఎవరికీ పెద్ద వివాదాంశం కాలేదు.

నవంబరు 5న నిక్సన్ 43.4 శాతం, హంఫ్రీ 42.7 శాతం, వాలెస్ 13.5 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. గెలుపును తేల్చే, రాష్ట్రాలవారీగా లెక్కించే ఎలక్టోరల్ ఓట్లు వరసగా 301, 191, 46. వాలెస్ దక్షిణాదిలో ఐదు రాష్ట్రాలు గెలిచారు. నిక్సన్‌కు పడిన ఓట్లు, వాలెస్‌కు పడిన ఓట్లు కలిపితే దేశంలో అయిదుగురిలో దాదాపు ముగ్గురు కోర్టుల మీద, అల్లర్ల మీద గట్టిగా మాట్లాడినవారినే ఎంచుకున్నారని అప్పట్లో వ్యాఖ్యాతలు లెక్క కట్టారు. వాలెస్ ఓటర్లలో ఉత్తరాది కార్మికులు, పాత డెమొక్రాట్లు కూడా ఉన్నారు కాబట్టి ఆ కూడిక అంత నికరమైనది కాదు.

ఆ తరువాత జరిగినది అభ్యర్థుల మాటలకు పరీక్ష. నేరం ముందుగా. పోలీసులకు ఫెడరల్ సాయం 1969 ఆర్థిక సంవత్సరంలో సుమారు 6 కోట్ల డాలర్ల నుంచి 1972 నాటికి 70 కోట్ల డాలర్ల దాకా పెరిగింది. వ్యవస్థీకృత నేరాల చట్టం, మాదకద్రవ్యాల చట్టం వచ్చాయి. రాజధాని నగరానికి, విచారణకు ముందే నిర్బంధించే అధికారంతో ప్రత్యేక చట్టం వచ్చింది. అయినా లక్ష జనాభాకు 298.4గా ఉన్న హింసాత్మక నేరాల రేటు, నిక్సన్ రాజీనామా చేసిన 1974లో 461.1కు చేరింది. హంఫ్రీ గెలిచి ఉంటే తగ్గేదని చెప్పడానికి ఆధారం లేదు; ఆ పెరుగుదల ఏ అధ్యక్షుడి చేతిలోనూ లేదని చెప్పడానికి మాత్రం ఆధారం ఉంది. కొత్త అటార్నీ జనరల్‌గా వచ్చిన జాన్ మిచెల్, ప్రతిపక్ష కార్యాలయంలో చొరబాటును కప్పిపుచ్చిన వాటర్‌గేట్ కేసులో జైలుకు వెళ్లడం, పన్ను ఎగవేత కేసులో ఆగ్న్యూ 1973లో ఉపాధ్యక్ష పదవి వదులుకోవడం శాంతిభద్రతల ప్రభుత్వం గురించి చరిత్ర విసిరిన వ్యంగ్యాస్త్రాలు.

పౌరహక్కుల అమలులో షార్లెట్ మాట అక్షరాలా నిలిచింది. 1969 జూలైలో ప్రభుత్వం నిధుల కోతను వెనక్కి నెట్టి కోర్టు వ్యాజ్యాలను ముందుకు తెచ్చింది. ఆగస్టులో మిసిసిపీ జిల్లాలకు గడువు పొడిగించాలని న్యాయశాఖే కోర్టును అడిగింది. ఆ శాఖలోని పౌరహక్కుల విభాగం లాయర్లే నిరసన తెలిపారు. అక్టోబరు 29న సుప్రీంకోర్టు, నిక్సన్ నియమించిన కొత్త ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ సహా ఏకగ్రీవంగా, గడువు లేదు, ఇప్పుడే కలపాలని తీర్పు ఇచ్చింది. విద్యా, సంక్షేమ శాఖలో పౌరహక్కుల కార్యాలయాన్ని గట్టిగా నడిపిన యువ అధికారి లియాన్ పనెటా 1970 ఫిబ్రవరిలో బయటికి నడవవలసి వచ్చింది. అయితే ఆ ఏడాదే నిక్సన్, కార్మిక మంత్రి జార్జ్ షుల్జ్ ద్వారా దక్షిణాది రాష్ట్రాల్లో నల్ల, తెల్ల పెద్దలతో సంఘాలు వేయించి, చప్పుడు లేకుండా బడులు కలిపే పనిని ముందుకు నడిపించారు. 1970ల మధ్యకల్లా దక్షిణాదిలో పూర్తిగా నల్లజాతి బడుల్లో ఉన్న పిల్లల వాటా పదో వంతులోపుకు పడిపోయింది. ఇందులో కోర్టుల ఒత్తిడి ఎంత, నిక్సన్ నేర్పు ఎంత అన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్న విషయం. కోర్టుల వాటాయే పెద్దదని తేదీల వరుస చెబుతోంది.

న్యాయమూర్తుల విషయంలో నిక్సన్‌కు అదృష్టం కలిసొచ్చింది. వారెన్ స్థానంలో బర్గర్‌ను నియమించారు. ఒక ఫౌండేషన్ నుంచి డబ్బు తీసుకున్న వివాదంలో 1969 మేలో ఫోర్టస్ రాజీనామా చేయగా, ఆ స్థానానికి పంపిన హేన్స్‌వర్త్, కార్స్‌వెల్ అనే ఇద్దరు దక్షిణాది న్యాయమూర్తులను సెనేట్ తిరస్కరించాక హ్యారీ బ్లాక్‌మన్ వచ్చారు. 1972 మొదట్లో లూయిస్ పవెల్, విలియం రెన్‌క్విస్ట్ చేరారు. మూడేళ్లలో నలుగురు. అయినా మిరాండాను, మాప్‌ను ఆ కోర్టు రద్దు చేయలేదు. మినహాయింపులతో అంచులు కత్తిరిస్తూ పోయింది. పిల్లలను బస్సుల్లో తరలించి బడులు కలపడాన్ని 1971లో స్వాన్ కేసులో సమర్థించిన తీర్పు రాసింది బర్గరే. వాటర్‌గేట్ టేపులు అప్పగించాలని 1974 జూలైలో నిక్సన్‌ను ఆదేశించిన ఏకగ్రీవ తీర్పు రాసిందీ బర్గరే.

నలుగురి బరువు పూర్తిగా కనిపించింది అదే జూలైలో వచ్చిన డిట్రాయిట్ కేసులో. నగరంలో నల్లజాతి పిల్లలు, చుట్టూ శివారుల్లో తెల్లజాతి పిల్లలు మిగిలిపోయిన పరిస్థితిలో, బడులు కలపడానికి శివారు జిల్లాలను కూడా చేర్చాలన్న కింది కోర్టు ఉత్తర్వును సుప్రీంకోర్టు 5–4 తేడాతో కొట్టివేసింది. మెజారిటీలోని అయిదుగురిలో నలుగురు నిక్సన్ నియమించినవారు. అంతకు ఏడాది ముందు, బడులకు ఆస్తిపన్ను ఆధారంగా నిధులు సమకూర్చే పద్ధతి వల్ల పేద ప్రాంతాలకు జరిగే నష్టం రాజ్యాంగ విరుద్ధం కాదని శాన్ ఆంటోనియో కేసులో చెప్పిన అయిదుగురూ వీరే. ఈ రెండు ఓట్లలో ఒక్క కుర్చీ మారినా ఫలితం మారేది. హంఫ్రీ గెలిచి ఉంటే ఆ కుర్చీలో కూర్చునేవారు ఎవరో చెప్పలేము గాని, వారు ఆ అయిదుగురి వైపు ఉండేవారు కారనుకోవడం సబబే.

1968 జూన్ నాటి నేర చట్టంలో మిరాండాను పక్కన పెట్టడానికి చేర్చిన సెక్షన్ ఒకటి ఉంది: హెచ్చరికలు చదివినా చదవకపోయినా, స్వచ్ఛందంగా ఇచ్చిన వాంగ్మూలం ఫెడరల్ కోర్టులో చెల్లుతుందని అది చెబుతుంది. ఎన్నికల సభల్లో కోర్టుల మీద పెల్లుబికిన కోపానికి దొరికిన అతి స్పష్టమైన చట్టరూపం అదే. తరువాత వచ్చిన ప్రభుత్వాలు దాన్ని దాదాపు వాడనే లేదు. ముప్పై రెండేళ్ల తర్వాత, 2000లో, డికర్సన్ కేసులో అది సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు 7–2 తేడాతో చెల్లకుండా పోయింది. ఆ తీర్పు రాసినవారు, అప్పటికి ప్రధాన న్యాయమూర్తి అయిన రెన్‌క్విస్ట్.